ఉచిత ఖాతాలు తీసేస్తున్నారు: ముందు మీ రాతలు ఇంటికి తెచ్చుకోండి

సోంపేట దగ్గరి ఊరి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు అడిగిన ప్రశ్న ఇది: "2009 నుంచి ఒకే సైటులో బ్లాగు రాస్తున్నాను. ఉచితమని, ప్రకటనలు ఉండవని చెప్పారు కాబట్టే అక్కడ చేరాను. ఉద్దానం ఊళ్ల చరిత్ర, తప్పెటగుళ్ల పాటలు, తిత్లీ తుపానుకు ముందు తీసిన కొబ్బరి తోటల ఫోటోలు, కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న కుటుంబాల గురించి రాసినవి, అన్నీ కలిపి ఆరువందలకు పైగా టపాలు, అంటే బ్లాగు రాతలు. ప్రకటనలు లేని ఉచిత ఖాతాలు ఇక ఉండవని, వచ్చే నెల నుంచి డబ్బు కట్టకపోతే ప్రకటనలు వేస్తామని ఇప్పుడు మెయిల్ పంపారు. తోటి బ్లాగర్లలో కొందరు ఒక రోజు రాయడం మానేద్దామంటున్నారు. కొందరు ఖాతాలే తొలగిద్దామంటున్నారు. ఇన్నాళ్లూ ఉచితంగా వాడుకుని ఇప్పుడు గొడవ ఎందుకని ఇంకొందరు. ఏం చేయమంటారు?"

మాస్టారూ, వెబ్‌సైట్లు తయారు చేయడం, పాతవాటిని ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడం విజయనగరంలో నా వృత్తి. ఇలాంటి మెయిల్ పట్టుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఖాతా మాత్రం తొలగించకండి. సమ్మెలో చేరాలనిపిస్తే చేరండి. అంతకన్నా ముందు, ఈ వారంలోనే, మీ రాతలు, ఫోటోలు, వ్యాఖ్యలు మీ ఇంట్లోని కంప్యూటర్‌లోకి తెచ్చుకోండి. కోపం నెల ఆగినా చల్లారదు, గడువు మాత్రం ఆగదు.

ఉచితంగా వాడుకుని గొడవ ఎందుకన్నవారి మాట నాకు అన్యాయంగా తోచింది. కవిటి గురించో కంచిలి గురించో వెతికినవాళ్లు ఆ సైటుకు వచ్చింది మీ టపాల కోసం. డబ్బు కట్టే ఖాతాదారులైనా అక్కడ చదవడానికి నలుగురు రాస్తున్నారనే చేరతారు. ఆ నలుగురిలో ఎక్కువమంది మీలాంటి ఉచిత ఖాతాల వాళ్లే. సైటు మీకు చోటిచ్చింది, మీరు ఆ చోటుకు విలువ తెచ్చారు. ఇద్దరూ కలిసి పెంచినదాని గురించి ఒకరే నిర్ణయం తీసుకుని రెండోవారికి మెయిల్‌లో తెలియజేశారు. మిమ్మల్ని బాధపెట్టింది ఇదేనని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది.

దాదాపు ఇలాంటిదే ఒకసారి జరిగింది. అది ఎలా ముగిసిందో తెలిస్తే సమ్మె విషయంలో మీకు నిర్ణయం తేలికవుతుంది.

లైవ్‌జర్నల్ అనే బ్లాగు సైటును 1999లో అమెరికాలో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ప్రకటనలు లేకుండానే నడుపుతామని అది తొలినాళ్లలో వాడుకరులకు రాతపూర్వకంగా మాటిచ్చింది. 2005లో సిక్స్ అపార్ట్ అనే కంపెనీ దాన్ని కొన్నది. 2006లో కొత్త రకం ఖాతా వచ్చింది: ప్రకటనలకు ఒప్పుకుంటే డబ్బు కట్టకుండానే కొన్ని అదనపు సౌకర్యాలు. ప్రకటనలు వద్దనుకున్నవాళ్లకు 'బేసిక్' అనే ఉచిత ఖాతా అలాగే ఉండిపోయింది. 2007 డిసెంబరులో ఎస్‌యూపీ అనే రష్యన్ కంపెనీ సైటును కొన్నది. మూడు నెలలు దాటగానే, 2008 మార్చి 12న, కొత్తగా చేరేవారికి బేసిక్ ఖాతా లేకుండా చేసింది. ప్రకటనలు చూడాలి, లేదా డబ్బు కట్టాలి.

గమనించండి, అప్పటికే బేసిక్ ఖాతా ఉన్నవాళ్లకు ఏ నష్టమూ జరగలేదు. వాళ్ల పేజీల్లో ప్రకటనలు రాలేదు. అయినా ఎక్కువగా లేచి నిలబడింది వాళ్లే. తమ తర్వాత వచ్చేవాళ్లకు తమకు దొరికినది దొరకదని, ముందుగా ఒక్క మాట అడగలేదని వాళ్ల బాధ. మార్చి 21న 24 గంటలపాటు ఎవరూ టపా రాయకూడదు, వ్యాఖ్య పెట్టకూడదు అని పిలుపిచ్చారు. ఆ రోజు గుడ్‌ఫ్రైడే. సెలవు రోజు కాబట్టి మామూలుగానే రాసేవాళ్లు తక్కువ. సమ్మె దెబ్బ ఎంతో, సెలవు ప్రభావం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మీవాళ్లు తేదీ పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. సంక్రాంతి మూడు రోజుల్లోనో, సిరిమాను ఉత్సవం నాడో రాయడం మానేస్తే ఎవరూ గమనించరు.

ఆ ఒక్క రోజుతో కంపెనీ దిగిరాలేదు. కానీ ఆ ఏడాదే సలహా మండలికి వాడుకరుల తరఫున ప్రతినిధిని ఎన్నుకునే ఏర్పాటు చేశారు. కొన్ని నెలల తర్వాత బేసిక్ ఖాతాలు కూడా తిరిగి వచ్చాయి, పూర్వపు రూపంలో మాత్రం కాదు. ఖాతా ఉన్నవాళ్లు లోపలికి వచ్చి చదివితే ప్రకటనలు ఉండవు, బయటి నుంచి వచ్చే పాఠకులకు కనిపిస్తాయి. సగం గెలుపు అనుకోవచ్చు. నా దృష్టిలో అసలు ఫలితం మరొకటి. లైవ్‌జర్నల్‌లో ఇదివరకు పనిచేసినవాళ్లు ఆ సైటు ప్రోగ్రామునే తీసుకుని 2009లో డ్రీమ్‌విడ్త్ అనే సైటు తెరిచారు. ఆ ప్రోగ్రాము అందరికీ తెరిచి ఉంచినది కాబట్టే అది వీలైంది. అక్కడ ఉచిత ఖాతాకైనా ప్రకటనలు ఉండవు, ఇష్టపడి చందా కట్టేవాళ్ల డబ్బుతో నడుస్తుంది. పాత సైటు నుంచి టపాలతోపాటు వ్యాఖ్యలను కూడా తెచ్చుకునే వీలు కల్పించారు. తమ రాతలు తీసుకుని వెళ్లగలిగినవాళ్లకు అక్కడ చోటు దొరికింది. కోపంలో ఖాతా తొలగించి వెళ్లినవాళ్లకు తెచ్చుకోవడానికి ఏమీ మిగలలేదు.

ఇక కంపెనీ వైపు లెక్క. తెలుగు అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు తలా మూడు బైట్లు తీసుకుంటాయి. మీ టపా ఒక్కొక్కటి అలాంటి 5,000 గుర్తులతో ఉందనుకుందాం. ఆరువందల టపాలు కలిపి సుమారు 9 ఎంబీ. ఇప్పటి ఫోనుతో తీసిన మూడు ఫోటోలు అంత ఉంటాయి. అంటే మీరు ఇన్నేళ్లూ రాసినదంతా దాచడానికి వారికి అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. ఖర్చంతా ఫోటోలకు, చెత్త వ్యాఖ్యలు, దొంగ ఖాతాలు ఏరే పనికి, ఉద్యోగుల జీతాలకు. ఆ ఖర్చు నిజమే, ఎవరో ఒకరు భరించాలి. కాబట్టి డబ్బు అడగడమే తప్పని నేను అనను. కొత్తగా చేరేవాళ్లను అడగడం వేరు, ఉచితమని చేర్చుకున్నవాళ్లకు నెల గడువు పెట్టి అడగడం వేరు. రెండోది చేస్తున్నప్పుడు పాతవాళ్లకు వ్యవధి ఇవ్వాలి, తీసుకెళ్లే దారి చూపాలి.

తెలుగు బ్లాగుల్లో ఇన్నేళ్లు ప్రకటనలు పెద్దగా కనిపించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సైట్లలో ప్రకటనలు వేసి యజమానికి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును తన భాషల జాబితాలో చేర్చింది 2018లో. అంతకుముందు తెలుగు పేజీలో ప్రకటన వేసి సంపాదించే వీలు తక్కువ. ఇప్పుడు తెలుగు పేజీకీ ధర ఉంది, అందుకే మన పేజీల మీద కన్ను పడింది.

ప్రకటనలు ఒప్పుకుంటే ఏం పోతుందని అడిగేవాళ్లున్నారు. వంటల బ్లాగులోనో సినిమా బ్లాగులోనో అయితే పెద్దగా పోయేదేమీ లేదు. మీ బ్లాగు సంగతి వేరు. పేజీలో ఉన్న మాటలను బట్టి, చదువుతున్న మనిషి అంతకుముందు వెతికినదాన్ని బట్టి ప్రకటన ఎంపికవుతుంది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లివచ్చే మనిషి గురించి మీరు రాశారు. ఆ టపాలో కిడ్నీ, క్రియాటినిన్, డయాలసిస్ అనే మాటలు పదేపదే ఉంటాయి. దాని పక్కన ఏ ప్రకటన వచ్చి కూర్చుంటుందో ఆలోచించండి. డయాలసిస్ అవసరం లేకుండా కిడ్నీలు బాగుచేస్తామని పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు అచ్చంగా ఆ మాటలకే డబ్బు పెడతారు. ఉద్దానంలో ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట ఆశ అమ్మడం సులభం. మాస్టారు రాసిన పేజీలోనే ఉంది కదా, నిజమే అయి ఉంటుందని ఒక కుటుంబం నమ్మితే డబ్బూ పోతుంది, చికిత్సా ఆగుతుంది. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం కొన్ని జబ్బులకు చికిత్స పేరుతో ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో కిడ్నీ జబ్బు 'బ్రైట్స్ డిసీజ్' అనే పాత పేరుతో ఉంది. చట్టం ఉన్నా, యంత్రం ఎంచి వేసే ప్రకటనలన్నిటినీ ఎవరూ కూర్చుని చూడరు. అందుకే మీ విషయంలో ప్రకటనలు ఒప్పుకునే దారిని నేను పూర్తిగా వద్దంటున్నాను.

ఇప్పుడు పని. మీ సైటు అమరికల్లో 'ఎగుమతి' (ఎక్స్‌పోర్ట్) అనే వీలు ఉంటుంది. నొక్కితే మీ టపాలన్నీ అక్షరాలుగా ఉండే ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు వస్తుంది. ఫైలు దిగగానే పని అయిపోయిందనుకోకండి, తెరిచి చూడండి. బాగా గుర్తున్న మూడు టపాలు ఎంచుకోండి: మొట్టమొదటిది, మధ్యలో ఒకటి, నిన్నమొన్న రాసింది. వాటిలోని ఒక్కో వాక్యం ఆ ఫైలులో వెతకండి. మూడూ దొరికితే టపాలు వచ్చినట్టే. కొన్ని సైట్లు ఏడాదికో ఫైలుగా, నెలకో ఫైలుగా ఇస్తాయి, ఒకటి దించుకుని మిగతావి మరిచిపోతారు. తర్వాత మీకు బాగా గుర్తున్న వ్యాఖ్య ఒకటి వెతకండి. పోర్ట్‌బ్లెయిర్‌లోనో సూరత్‌లోనో స్థిరపడిన మనవాళ్లు మీ టపా చూసి, ఆ చెరువు గట్టు మా తాతగారి పొలం పక్కదే అంటూ రాసినవి ఉంటాయి కదా, అలాంటిది. వలస వెళ్లినవాళ్లు ఊరి గురించి తమ జ్ఞాపకాలను రాసిపెట్టిన చోటు మీ వ్యాఖ్యల పెట్టె ఒక్కటే. టపాను మీరు మళ్లీ రాయగలరు, ఆ వ్యాఖ్యలను ఎవరూ మళ్లీ రాయలేరు. ఎగుమతి ఫైలులో వ్యాఖ్యలు లేకపోతే ఒక్కో పేజీని తెరిచి పీడీఎఫ్‌గా దాచుకోవడమే దారి. విసుగు పుట్టించే పని, అయినా చేయండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు చెప్పండి.

ఆ ఫైలులోని తెలుగును పాత కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి కొత్త ఫైలుగా సేవ్ చేయకండి. 2019కి ముందటి విండోస్‌లో నోట్‌ప్యాడ్ కొత్త ఫైలును మామూలుగా 'ఆన్సీ' అనే, తెలుగు అక్షరాలకు చోటులేని పాత పద్ధతిలో దాచేది. అది హెచ్చరిక చూపిస్తుంది, మనం చదవకుండా సరే అంటాం, మరుసటి రోజు తెరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలై ఉంటుంది. అవి మళ్లీ అక్షరాలు కావు. దించుకున్న ఫైలుకు నకలు తీసి, అసలును పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టి, నకలుతోనే ఏ పనైనా చేయండి.

ఇక ఫోటోలు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎగుమతి ఫైలులో మామూలుగా ఫోటోలు ఉండవు, ఫోటో ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. ఇక్కడ విజయనగరంలో ఒక కుటుంబం తమ నాన్నగారి బ్లాగును కొత్త చోటికి మార్పించుకున్నారు. టపాలన్నీ వచ్చాయి, ఫోటోలూ కనిపిస్తున్నాయి, సంతోషించారు. ఆ ఫోటోలు కొత్త చోటికి రాలేదని, పాత సైటు నుంచే వచ్చి కనిపిస్తున్నాయని వాళ్లకు తెలియదు. పాత సైటు మూతపడిన రోజున టపాల మధ్య ఖాళీ చతురస్రాలు మిగిలాయి. ఒక్కో చతురస్రం కింద ఆ పెద్దాయన రాసిన వివరణ అలాగే ఉంది: ఫలానా సంవత్సరం, ఫలానా వీధి, ఎడమ నుంచి కుడికి ఫలానావారు. మనుషులు మాత్రం లేరు. నా దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది చాలా తక్కువ.

అందుకని ఫోటోలు వేరుగా దించుకోండి. మీడియా లైబ్రరీ అంతటినీ ఒకేసారి దించుకునే వీలు చాలా సైట్లలో ఉంటుంది. లేకపోతే ఫోటోలు తెచ్చుకోవడం కోసం వర్డ్‌ప్రెస్‌లాంటి చోట ముందే కొత్త ఖాతా తెరిచి, మీ ఫైలును అక్కడికి దిగుమతి చేయండి. జోడింపులను, అంటే ఫోటోలను, కూడా తెచ్చుకోమనే గడి కనిపిస్తే తప్పకుండా ఎంచుకోండి. అప్పుడు అది ఒక్కో చిరునామాకు వెళ్లి ఫోటోను నిజంగా తెచ్చి తన దగ్గర పెట్టుకుంటుంది. పాత సైటు బతికి ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. అయ్యాక ఒక ఫోటో మీద కుడి బటన్ నొక్కి దాని చిరునామా చూడండి. అందులో పాత సైటు పేరు కనిపిస్తే ఫోటో రాలేదన్నమాట. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. ఆ రాత్రితో నేలకూలిన తోటలు మళ్లీ మునుపటిలా కాపుకు రావడానికి ఏళ్లు పడతాయి. మీ ఫోటోల్లో ఉన్న తోటలు ఇప్పుడు ఆ నేల మీద లేవు. ఈ ఒక్క మెట్టు మాత్రం తొందరపడకుండా, ఒకటికి రెండుసార్లు చూసుకుని చేయండి.

ఎక్కడికి వెళ్లాలన్నదానికి నా సలహా: ముందు మీ సొంత పేరుతో ఒక చిరునామా కొనండి, అంటే డొమైన్. డాట్ ఇన్ చాలు, ఏడాది ఖర్చు ఒక మంచి పుస్తకం వెలకు దగ్గరగా ఉంటుంది. అది మీ చేతిలో ఉంటే లోపలి ఇల్లు ఎన్నిసార్లు మారినా పాఠకులకు వీధి, నంబరు మారవు. ఈ వృత్తిలో ఉన్నవాడిగా ఒక హెచ్చరిక: కొనిపెట్టే దుకాణదారు తన పేరు మీద, తన మెయిల్ మీద నమోదు చేస్తే ఒప్పుకోకండి. యజమాని పేరు, మెయిల్, ఫోను మూడూ మీవే ఉండాలి. ఏటా గడువు దాటకుండా కట్టండి. గడువు దాటిన పేర్లను కనిపెట్టి కొనేవాళ్లున్నారు. నిన్నటిదాకా సాహిత్యం ఉన్న చిరునామాలో ఈ రోజు జూదం సైటు ఉండటం నేను చూశాను.

ఆ చిరునామా వెనుక ఏ సైటు పెట్టుకోవాలంటే, మీకు ప్రస్తుతానికి గూగుల్ వారి బ్లాగర్ సరిపోతుంది. అది బలవంతంగా ప్రకటనలు వేయదు, సొంత డొమైన్‌ను ఉచితంగానే జోడించుకోనిస్తుంది. అయితే ఇదీ శాశ్వతమని నమ్మమని నేను చెప్పను. బ్లాగులన్నీ ఒకచోట చదివించే తన రీడర్‌ను గూగుల్ 2013లో మూసింది. 2019లో తన సోషల్ మీడియా సైటు గూగుల్ ప్లస్‌ను మూసినప్పుడు, దాని ద్వారా బ్లాగర్‌లో వచ్చిన వ్యాఖ్యలన్నీ పోయాయి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ఖాతాల్లో ప్రకటనలు ఉంటాయి. అదీకాక 2022లో వాళ్లు ఉచిత స్థలాన్ని 3 జీబీ నుంచి 500 ఎంబీకి తగ్గించి, గొడవ జరిగాక 1 జీబీ చేశారు. హోస్టింగ్ స్థలం అద్దెకు తీసుకుని అంతా మీరే నడుపుకోమని కొందరు చెబుతారు. మీకు వద్దు. ప్రోగ్రామును ఎప్పటికప్పుడు నవీకరించకపోతే ఏదో ఒక రోజు ఎవరో లోపలికి చొరబడతారు. మీ సమయం ఆ కాపలాకు పోకూడదు, రాయడానికి ఉండాలి.

కొత్త చోట టపాల చిరునామాల విషయంలో చిన్న జాగ్రత్త. పూర్తిగా తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ దాన్ని వదిలేసి 'బ్లాగ్ పోస్ట్' అని, దాని పక్కన ఒక అంకె చేర్చి చిరునామా ఇస్తుంది. వర్డ్‌ప్రెస్ తెలుగునే ఉంచుతుంది కానీ 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది. ఒక్కో తెలుగు గుర్తు అక్కడ తొమ్మిది గుర్తులుగా మారుతుంది కాబట్టి 'ఉద్దానం కొబ్బరి తోటలు తిత్లీకి ముందు' అని పెడితే చిరునామా 'తి' దగ్గరే తెగిపోతుంది. రెండింటికీ మందు ఒకటే: ప్రచురించే ముందు చిరునామా గడిలో చిన్నగా ఇంగ్లీషు అక్షరాలతో మీరే రాసిపెట్టండి.

డబ్బు కట్టి పాత సైటులోనే ఉంటానంటే అదీ మర్యాదైన నిర్ణయమే, నేను కాదనను. కట్టేవాళ్లుంటేనే ప్రకటనలు లేని చోట్లు బతుకుతాయి. కాకపోతే ఒకటి తెలుసుకోండి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల కార్డు నుంచి దానంతటదే డబ్బు వెళ్లే ఏర్పాటుకు ప్రత్యేక అనుమతి కావాలి. విదేశీ సైట్లలో కొన్నిటికి మన కార్డులతో ఆ ఏర్పాటు సాగకపోవచ్చు. ఏటా దానంతటదే కట్టుబడుతుందని ధైర్యంగా ఉండకండి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకుని మీరే కట్టండి.

సమ్మె గురించి. ఒక రోజు రాయకపోవడం కన్నా అందరూ సంతకాలు చేసిన ఒక ఉత్తరం ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం, అందులో అడిగేవి ఇవ్వగలిగినవై ఉంటే. ఎప్పటికీ ఉచితంగా ఉంచమని అడిగితే చదవకుండా పక్కన పెడతారు. నెల గడువును ఆరు నెలలు చేయమనండి. జియోసిటీస్ అనే ఉచిత వెబ్ పేజీల సైటు మూతను యాహూ 2009 ఏప్రిల్‌లో ప్రకటించి అక్టోబరు 26న మూసింది, ఆరు నెలలు ఇచ్చింది. అదే యాహూ 2019లో, మెయిల్ ద్వారా చర్చలు జరిగే గ్రూపుల విషయంలో, అక్టోబరులో చెప్పి డిసెంబరులోనే పాత సందేశాలను సైటు నుంచి తీసేసింది, దించుకోవడానికి 2020 జనవరి చివరిదాకా మాత్రమే గడువు పొడిగించింది. ఆ కొద్ది వ్యవధిలో తెచ్చుకోలేకపోయిన సంభాషణలు ఎన్నో. ఎగుమతిలో వ్యాఖ్యలూ ఫోటోలూ ఉండాలని అడగండి. వెళ్లిపోయినవారి పాత చిరునామా కొత్త చోటికి దారి చూపాలని అడగండి. ఉండిపోయేవారి పేజీల్లో వైద్యం, అప్పులు, జూదం ప్రకటనలు రాకుండా ఆపుకునే వీలు ఇవ్వమని అడగండి. కిడ్నీ కుటుంబాల ఉదాహరణ మీరే స్వయంగా రాయండి. ఆ ఉత్తరంలో కంపెనీ తోసిపుచ్చలేని పేరా అదే అవుతుంది.

బ్లాగు తొలగించవద్దని మొదట చెప్పాను. వికీపీడియాలో, ఇతరుల బ్లాగుల్లో మీ టపాలకు ఉన్న లింకులన్నీ ఆ పాత చిరునామాకే వెళతాయి. చివరి టపాగా కొత్త చిరునామా రాసి అలాగే వదిలేయండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేజీ చిరునామా ఇస్తే దాని నకలు తీసి పెట్టుకుంటుంది. అది 1996 నుంచి పనిచేస్తున్న సంస్థ, లాభం కోసం నడిపేది కాదు. కనీసం ముఖ్యమైన యాభై టపాలైనా అక్కడ చేర్పించండి.

కాగితం మాట కూడా చెబుతాను. శ్రీకాకుళంలో కారా మాస్టారు (రచయిత కాళీపట్నం రామారావు) 1997లో కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టి, ఎప్పుడో మూతబడిన పత్రికల్లో వచ్చిన కథలను కూడా ఒక చోట చేర్చారు. ఎవరో ఒకరు పాత సంచికలు పారేయకుండా దాచి ఉంచడం వల్లనే అది సాధ్యమైంది. మీ టపాల్లో ఊళ్ల చరిత్ర, తప్పెటగుళ్ల పాటలు ఉన్నవాటిని అచ్చు తీయించి రెండు ప్రతులు కుట్టించండి. ఒకటి ఇంట్లో ఉంచండి, రెండోదాన్ని తీసుకుంటారేమో జిల్లా గ్రంథాలయంలో అడగండి. పాటల దగ్గర పాడినవారి పేరు, ఊరు తప్పక ఉండాలి.

చివరగా, ప్రకటనలు మొదలయ్యే తేదీలోపు తరలింపు పూర్తికాదనిపిస్తే, కిడ్నీ కుటుంబాల టపాలను మాత్రం ముందురోజే 'ప్రైవేటు'కు మార్చేయండి. టపా పోదు, మీకు కనిపిస్తూనే ఉంటుంది, బయటివారికి పేజీ తెరుచుకోదు కాబట్టి దాని పక్కన ప్రకటనా ఉండదు. కొత్త చోట ఆ టపాలు వచ్చాక ఆ కుటుంబాలకు కొత్త చిరునామా పంపండి. ఎగుమతి ఫైలు తెరిచి చూశాక వ్యాఖ్యలు కనిపించకపోయినా, ఫోటోలు దిగకపోయినా, ఏ సైటో, ఫైలు ఎన్ని ఎంబీలు ఉందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి తర్వాతి మెట్టు చెబుతాను.